ఎజెండా విప్పి చదివే మనిషేనా?

నోటిఫికేషన్ వచ్చినప్పటి నుంచి ఈ శీర్షికకు వస్తున్న ఉత్తరాల్లో సగానికి పైగా కౌన్సిల్ ఎన్నికల గురించే. ఇరవై రెండేళ్లు ఒక నగర కౌన్సిల్‌లో మినిట్స్ రాసిన దాన్ని. సభ్యులకు ఎజెండా కాపీలు పంపడం, సమావేశంలో ఎవరేం మాట్లాడారో రాసుకోవడం, తీర్మానాలకు నంబర్లు వేయడం నా పని. ఆ కుర్చీలో కూర్చుని చూసినదాన్ని బట్టే ఈ జవాబులు.

మా వార్డులో ఆరుగురు పోటీ చేస్తున్నారు మేడమ్. ఆరుగురి కరపత్రాలూ పక్కపక్కన పెట్టుకుని చదివాను. అన్నిటిలోనూ రోడ్లు, డ్రైనేజీ, మంచినీళ్లు, వీధి దీపాలే. ఫొటోలు మార్చేస్తే ఏది ఎవరిదో చెప్పలేం. వీళ్లలో ఎవరిని ఎంచుకోవాలి?
*– ఒక గృహిణి*

కరపత్రాలు దాచుకుని మరీ చదివారు, సంతోషం. ఈసారి వాళ్లు మీ గుమ్మం ముందుకొచ్చినప్పుడు ఒక్క ప్రశ్న అడగండి. "ఈ ఏడాది వార్డులో రెండు వీధులకే డ్రైనేజీ డబ్బులొచ్చాయనుకోండి. ఏ రెండు వీధులకు ముందు వేయిస్తారు? ఎవరిని ఆగమంటారు?"

"అన్నీ చేయిస్తానమ్మా, మీరు ఓటేయండి" అన్నారంటే ఆ మనిషికి వార్డు తెలియకపోవాలి, లేదా నిజం చెప్పడానికి భయపడుతూ ఉండాలి. "మీ వీధి వచ్చే ఏడాదికేనమ్మా. పల్లంలో ఉన్న ఆ చివరి రెండు వీధుల్లో వాన పడితే ఇళ్లలోకి నీళ్లొస్తున్నాయి, ముందు వాళ్లది చూడాలి" అన్న మనిషి మీకు నచ్చని మాట చెప్పాడు. నేనైతే ఆ పేరు గుర్తు పెట్టుకుంటాను. కౌన్సిల్‌లో అసలు పని ఇదే. డబ్బు ఎప్పుడూ అన్నిటికీ చాలదు. ఏది ముందు, ఏది తర్వాత అన్నదే అక్కడ తేల్చేది.

ఒక సమావేశం నాకు బాగా గుర్తుంది. ఎజెండాలో నలభై పైచిలుకు అంశాలున్నాయి. వారం ముందే పంపిన ఎజెండాకు కొట్టిన పిన్ను కూడా తీయకుండా వచ్చిన సభ్యులు ఎంతమందో నా కుర్చీలోంచి కనిపిస్తూనే ఉంది. అంశం నంబరు చదవడం, "ఆమోదం, ఆమోదం" అనడం, నేను "ఆమోదించడమైనది" అని రాయడం. పదహారు అంశాలు అలాగే గడిచిపోయాయి. పదిహేడో దాని దగ్గర ఒక సభ్యురాలు లేచారు. ఆవిడ ఎజెండా నిండా గుర్తుకోసం పెట్టుకున్న పసుపు కాగితం ముక్కలు.

"ఈ వీధికి ఆరంగుళాల పైపు అని రాశారు. దీని ఎగువ వీధిలో ఇప్పటికే తొమ్మిదంగుళాల పైపు ఉంది. పైనుంచి వచ్చే నీళ్లు ఇందులో ఎలా పడతాయండీ?" అని అడిగారు.

హాల్లో మాటలు ఆగిపోయాయి. ఇంజనీరు గారు డ్రాయింగు తెప్పించుకుని చూశారు. అంశం వాయిదా పడింది. తర్వాతి సమావేశానికి అదే పని తొమ్మిదంగుళాల పైపుతో వచ్చింది. ఆవిడ మైకు ముందు గట్టిగా మాట్లాడగలిగిన మనిషి కాదు. ప్రచారంలో ఆవిడ వెంట పదిమంది కూడా ఉండేవాళ్లు కాదని విన్నాను. ఆ రోజు ఆవిడ లేచి ఉండకపోతే ప్రతి వానాకాలం మురుగు ఎవరి గుమ్మాల్లోకి వచ్చేదో ఆ వీధివాళ్లకు ఇప్పటికీ తెలియదు.

కాబట్టి పాత సభ్యులే మళ్లీ నిలబడితే వాళ్ల హాజరు, అడిగిన ప్రశ్నలు, వ్యతిరేకించిన తీర్మానాలు చూడండి. చాలా నగరాల్లో మినిట్స్ ఎవరైనా అడిగి చూడొచ్చు. ఒక తీర్మానం తప్పని నమ్మిన సభ్యుడు తన అసమ్మతిని రాయించగలడు. "నేను అప్పుడే వద్దన్నాను" అని ఇప్పుడు చెప్పేవాళ్లను అది మినిట్స్‌లో ఉందా అని అడగండి. కొత్తవాళ్లయితే నోటిఫికేషన్ రాకముందు ఏడాదిలో వార్డు కోసం ఏం చేశారో కనుక్కోండి. వెలగని దీపం గురించి ఇచ్చిన అర్జీ కాపీ ఒక్కటి చూపించినా దానికి విలువుంది.

నాకిది మొదటి ఓటు. ఒక అభ్యర్థి వీడియోలు రోజూ ఫోన్‌కి వస్తున్నాయి, చాలా బాగుంటాయి. ఇంకొకాయన పేరు అభ్యర్థుల జాబితాలో చూసేదాకా తెలియనే తెలియదు. ప్రచారమే చేసుకోలేనివాడు పనేం చేస్తాడని మా ఫ్రెండ్స్ అంటున్నారు. నిజమేనా మేడమ్?
*– ఒక విద్యార్థి*

ప్రచారాన్ని బట్టి మనిషి కొంత తెలుస్తాడు బాబూ, కాదనను. ఎండలో కాళ్లరిగేలా తిరిగే ఓపిక ఉందా, ఎదురు ప్రశ్న వేస్తే విసుక్కుంటున్నాడా అన్నది మనం కళ్లారా చూడొచ్చు. బాగా తీసిన వీడియో మాత్రం దాన్ని తీసినవాళ్ల పనితనం. అందులో ఆయన చెబుతున్నవి అసలు కౌన్సిల్ చేతిలో ఉన్న విషయాలేనా చూడు. నాకు వచ్చిన వాటిలో సగానికి సగం దేశం గురించి, రాష్ట్రం గురించి ఉన్నాయి. చెత్త బండి వారానికి ఎన్నిసార్లు రావాలో ఒక్కదాంట్లోనూ లేదు.

పేరు తెలిసి, మనిషి తెలియకపోతే ఏమవుతుందో ఒక పరిశోధన చెబుతుంది. కాలిఫోర్నియాలో నగర కౌన్సిళ్లు, స్కూల్ బోర్డుల ఎన్నికలను మార్క్ మెరెడిత్, యువల్ సలాంట్ పరిశీలించారు. అక్కడ బ్యాలెట్‌పై పేర్లు ఏ అక్షరాల వరసలో రావాలో లాటరీ తీసి నిర్ణయిస్తారు. వరస ప్రభావమే లేకపోతే గెలవాల్సినదానికంటే, మొదటి పేరుగా పడినవాళ్లు నాలుగైదు శాతం పాయింట్లు ఎక్కువగా గెలుస్తున్నారని తేలింది. పేరు పైన ఉండటం తప్ప వాళ్లు చేసిందేమీ లేదు! అది చదివిన రోజు నాకు చాలా బాధేసింది.

ఆ రెండో ఆయన మీ ఇంటికి వచ్చేదాకా ఆగొద్దు. నువ్వే వెళ్లి కలువు. పైన ఆ గృహిణికి చెప్పిన ప్రశ్నే ఇద్దరినీ అడుగు. నీ ఫ్రెండ్స్‌ని కూడా వెంట తీసుకెళ్తే ఇంకా మంచిది.

కౌన్సిల్ ఎన్నిక చిన్న ఎన్నికే కదా, దానికి క్యూలో నిలబడటం దండగ అంటున్నారు మావారు. ఏం చెప్పాలి?
*– ఒక ఉద్యోగిని*

ఆయన ఒక్కరే కాదమ్మా అలా అనుకునేది. 2020 డిసెంబరులో హైదరాబాద్‌లో 150 డివిజన్లకు ఎన్నికలు జరిగితే ఓటు వేసినవాళ్లు సగం మంది కూడా లేరు. లాస్ ఏంజెలెస్‌లో నగర ఎన్నికలకు జనం మరీ తక్కువగా వస్తున్నారని, వాటిని పెద్ద ఎన్నికలతో కలిపి జరపడానికి 2015లో ఓటర్లే ఒప్పుకున్నారు.

అందరూ అలా ఇంట్లో కూర్చుంటే బయటికొచ్చిన కొద్దిమంది ఓటే చెల్లుతుంది. నేను పనిచేసిన చోట ఒక వార్డు పదకొండు ఓట్ల తేడాతో తేలింది. అంటే మూడు నాలుగు ఇళ్ల వాళ్లు. పొద్దున కుళాయి తిప్పడం దగ్గర్నుంచి రాత్రి వీధి మలుపులో దీపం వెలగడం దాకా మీవారికి రోజంతా పని పడేది ఈ చిన్న ఎన్నికతోనే. ఆ మాట చెప్పి, ఆయన్ని మీతోపాటే బయల్దేరదీయండి.

మా తోడికోడలి అన్నయ్య పోటీ చేస్తున్నారు. మనిషి మంచివాడే గానీ వార్డు సంగతులేవీ తెలియవు. ఆయనకే వేస్తామని మాట ఇవ్వమని ఇంట్లో ఒత్తిడి. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
*– పేరు వద్దన్న పాఠకురాలు*

మీ ఇబ్బంది నాకు అర్థమైంది. ఇలాంటి ఒత్తిళ్ల వల్లే కదా రహస్య ఓటు వచ్చింది! ప్రభుత్వమే అచ్చువేసిన బ్యాలెట్‌పై చాటుగా ఓటు వేసే పద్ధతిని 1856లో ఆస్ట్రేలియాలోని విక్టోరియా, సౌత్ ఆస్ట్రేలియా కాలనీలు తెచ్చాయి. అంతకుముందు చాలాచోట్ల యజమానో, ఇంటి పెద్దో చూస్తుండగానే ఓటు చెప్పాల్సి వచ్చేది. మీరు మాట ఇవ్వకండి, అబద్ధమూ చెప్పకండి. "ఓటు సంగతి ఎవరితోనూ మాట్లాడకూడదనుకున్నానక్కా" అనండి, అభ్యర్థి ఎవరైనా అదే జవాబు చెప్పండి. నాలుగు రోజులు మొహం మాడ్చుకుంటారేమో. భరించండి. వీలైతే ఆ అన్నయ్యగారితో ఒకసారి కూర్చుని వార్డు సమస్యలు చెప్పండి. నిజంగా మంచివాడైతే వింటాడు.

ఓటుకు కవరు ఇచ్చి వెళ్లారు. తీసుకుని, నచ్చినవాళ్లకే వేస్తే తప్పేంటి?
*– ఒక పాఠకుడు*

ఇవ్వడమే కాదు, తీసుకోవడం కూడా నేరమేనండీ. ఇంకో సంగతి. వీధి కుళాయి బాగు చేయించమని వచ్చినవాళ్లతో "మీకు అప్పుడే ఇచ్చేశాం కదా" అని ఒక సభ్యుడు అనడం నా చెవులతో విన్నాను. వచ్చినవాళ్లు తల దించుకుని వెళ్లిపోయారు. తిరిగి ఇచ్చేయండి.

ఇండిపెండెంట్‌గా నామినేషన్ వేశాను. పార్టీ లేదు, డబ్బు లేదు. నేను, మా అక్క, ఇద్దరు స్నేహితురాళ్లు. ఇంకా పన్నెండు రోజులుంది. ఎలా ప్రచారం చేయమంటారు?
*– ఒక అభ్యర్థిని*

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీలాంటివాళ్లు ముందుకు రావాలని ఎన్నాళ్లనుంచో కోరుకుంటున్నాను.

మైకు బండి గురించి దిగులు పెట్టుకోకండి. 1998లో అమెరికాలోని న్యూ హేవెన్ నగరంలో అలన్ గెర్బర్, డొనాల్డ్ గ్రీన్ అనే పరిశోధకులు దాదాపు 30 వేల మంది ఓటర్లతో ఒక ప్రయోగం చేశారు. ఓటు వేయమని కొందరికి ఉత్తరాలు పంపారు, కొందరి ఇళ్లకు మనుషులను పంపి ముఖాముఖి చెప్పించారు. ఉత్తరాల ప్రభావం స్వల్పం. మనిషి గుమ్మం దాకా వచ్చి మాట్లాడిన చోట ఓటింగ్ స్పష్టంగా పెరిగింది. ఎవరికి వేశారన్నది వాళ్లు చూడలేదు గానీ, గుమ్మం ముందు మాటకు ఎంత బలముందో దీన్నిబట్టి తెలుస్తుంది.

మీరు నలుగురు. ఇద్దరిద్దరుగా విడిపోండి. ఓటరు జాబితా దగ్గర పెట్టుకుని, వీధుల వారీగా పన్నెండు రోజులకూ పంచుకోండి. సాయంత్రాలు ఎక్కువ ఇళ్లు, పగలు పెద్దవాళ్లుండే ఇళ్లు. ఒక్కో గుమ్మం దగ్గర ముందు మీ మాట చెప్పకండి, వాళ్లది వినండి. వాళ్ల ఎదురుగానే నోట్‌బుక్‌లో రాసుకోండి: ఇంటి నంబరు, సమస్య, ఎన్నాళ్లనుంచి. మీ చేతిలో లేనిదైతే "అది కౌన్సిల్ పరిధిలో లేదండీ" అని అక్కడే చెప్పేయండి. ఎదుటి అభ్యర్థుల గురించి అడిగితే ఒక్క చెడ్డ మాట వద్దు. రేపు ఆ హాల్లో వాళ్లలో ఎవరితోనైనా కలిసి కూర్చోవాల్సి రావచ్చు. ఖర్చు లెక్క ఏ రోజుకారోజు రాయండి. గెలిచినా ఓడినా ఎన్నికల అధికారికి లెక్క చూపించాల్సిందే, చివర్లో గుర్తు చేసుకుని రాయబోతే తప్పులొస్తాయి.

మూడో రోజుకే ఆ నోట్‌బుక్‌లో ఒకే సమస్య పది ఇళ్లలో కనిపించడం మొదలవుతుంది. మీ కరపత్రంలో అది రాయండి, వీధి పేరుతో సహా.

ఫలితాలయ్యాక నాకు ఉత్తరం రాయండి. ఎన్ని ఇళ్లు తిరిగారు, మొదటిసారి తలుపు తీయని ఇళ్లకు మళ్లీ వెళ్లారా, వాళ్లేమన్నారు... అవన్నీ రాయాలి.