పూలు ముందే పూస్తే నష్టమేమిటి?

వాతావరణం వేడెక్కి మొక్కలు పది రోజులు ముందే పూస్తే వచ్చే నష్టమేమిటి, ఆ మాత్రం తెలుసుకోవడానికి ఒక శాస్త్రవేత్త నలభై ఏళ్లు పూలు లెక్కపెడుతూ కూర్చోవాలా అని అడిగారు. రెండో ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే అక్కడ నేను బోల్తాపడ్డాను.

మా ఇంటి ముందు ఒక తురాయి చెట్టు ఉంది. ఒక ఏడాది సరదాగా దాని తొలి పువ్వు తేదీని డైరీలో రాసుకున్నాను. మరుసటి ఏడాది తొలి పువ్వు ఆరు రోజులు ముందే కనిపించింది. వాతావరణ మార్పును నా కళ్లతోనే పట్టుకున్నానని పొంగిపోయి కనబడినవాళ్లందరికీ చెప్పాను. వృక్షశాస్త్రం చదివిన బంధువు ఒకడు డైరీ తిరగేసి, "పోయిన ఏడాది ఏయే రోజుల్లో చూశావు?" అన్నాడు. ఆదివారాలు మాత్రమే. ఈ ఏడాది రోజూ పొద్దున్నే. వారానికొకసారి తల ఎత్తేవాడికి పువ్వు ఆలస్యంగా కనబడక ఏమవుతుంది! మారింది చెట్టు కాదు, నేను.

అసలు పూసిందని ఎప్పుడు అనాలి? మొగ్గ చీలి, నలిగిన ఎర్రటి రేకు అంచు తొంగిచూసినప్పుడా? తెల్ల మచ్చలున్న ఆ ఒక్క రేకుతో సహా అయిదూ విచ్చుకున్నప్పుడా? ఈ రెంటికీ మధ్య తేదీ మారిపోవచ్చు. ఏదో ఒకటి ఎంచుకుని ఏళ్ల తరబడి దానికే కట్టుబడాలి. జపాన్‌లోని క్యోటో చెర్రీ చెట్ల లెక్క పన్నెండు వందల ఏళ్ల వెనక్కి వెళుతుంది. అందులో చూసేది కూడా తొలి పువ్వును కాదు, పూత నిండుగా ఉన్న రోజును. 2021లో ఆ రోజు మార్చి 26నే వచ్చింది. అప్పటివరకు ఉన్న లెక్కలన్నిటిలో అంత ముందుగా ఎప్పుడూ రాలేదు.

నలభై ఏళ్లు పూలు లెక్కపెట్టాడని మీరన్న శాస్త్రవేత్త బహుశా డేవిడ్ ఇనోయే. అమెరికాలోని కొలరాడో కొండల్లో, గోథిక్ అనే పాత గనుల ఊరిలో ఉన్న రాకీ మౌంటెన్ బయలాజికల్ లేబొరేటరీలో 1970ల తొలినాళ్లలో ఆయన పని మొదలుపెట్టారు. రెండు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు ఉన్న చదరాలు గుర్తుపెట్టుకుని, పూతకాలమంతా రోజు విడిచి రోజు వాటిలోని పూలను లెక్కపెట్టడమే ఆ పని. వినడానికి ఇంత విసుగు పుట్టించే పని ఇంకోటి ఉండదు. కానీ 39 ఏళ్ల లెక్కలు, 60 జాతులు, ఇరవై లక్షలకు పైగా పూలు పోగయ్యాక, 2014లో ఆయన, సహ పరిశోధకులు కలిసి ప్రచురించిన పత్రంలో తేలింది ఇది: ఆ పచ్చికబయలులో పూతకాలం మొత్తం మీద 35 రోజులు పెరిగింది. కొన్ని జాతులు ముందే మొదలుపెడుతున్నాయి, కొన్నిటికి పూత ముమ్మరంగా ఉండే కాలం జరిగింది, కొన్ని ఆలస్యంగా ముగిస్తున్నాయి. తొలి పువ్వు తేదీ ఒక్కటే పట్టుకుంటే ఇదంతా కంటికి ఆనదు.

ఇక నష్టం. అక్కడ పొద్దుతిరుగుడు కుటుంబానికి చెందిన హీలియాంథెల్లా అనే పసుపు పువ్వు ఉంది. మంచు కరగడమే దానికి సంకేతం. మంచు ముందే కరిగితే మొగ్గలూ ముందే వస్తాయి. అయితే జూన్‌లో ఒకటి రెండు రాత్రులు గడ్డకట్టే చలి వేయడం ఆ ఎత్తులో మామూలే. మంచు కరిగే తేదీ ముందుకు జరిగినంతగా ఆ రాత్రులు జరగలేదు. పూర్వం ఆ చలి వచ్చేసరికి చాలా మొగ్గలు ఇంకా పుట్టేవి కావు, ఇప్పుడు లేత మొగ్గలు సరిగ్గా దాని నోట్లో పడుతున్నాయి. ఇనోయే లెక్కల ప్రకారం 1992 నుంచి 1998 వరకు సగటున 36 శాతం మొగ్గలు చలికి మాడిపోతే, 1999 నుంచి 2006 వరకు 74 శాతం మాడిపోయాయి. భూమి వేడెక్కడం వల్ల పువ్వు చలికి చచ్చిపోతోందన్నమాట! మొదటిసారి చదివినప్పుడు అచ్చుతప్పు అనుకున్నాను.

ఇంకా చిక్కేమిటంటే మొక్క చావదు. అది చాలా ఏళ్లు బతికే రకం, మరుసటి ఏడాది మళ్లీ ఆకు వేస్తుంది. విత్తనం మాత్రం ఉండదు, కాబట్టి ముసలి మొక్కల చోటికి కొత్తవి రావు. దారిన పోయేవారికి పచ్చగానే కనబడే ఆ చోట ఏం తగ్గుతోందో, పూలు లెక్కపెట్టినవారికే తెలుస్తుంది. పువ్వు కోసం వచ్చే తేనెటీగలు, విత్తనం తిని బతికే పురుగుల సంగతి వేరే చెప్పాలా?

నేనిప్పుడు తురాయి చెట్టుకు అందుబాటులో ఉన్న ఒకే కొమ్మకు దారం కట్టి, రోజు విడిచి రోజు దానినే లెక్కపెడుతున్నాను. మీరూ మొదలుపెట్టేటట్టయితే, పువ్వు లేని రోజున "సున్నా" అని రాయండి. ఖాళీగా వదిలేస్తే, ఆ రోజు పువ్వు లేదా, మీరు చూడలేదా అన్నది వచ్చే ఏడాదికి మీకే గుర్తుండదు.