చలికాలంలో ఒడిశాలోని జయపురం నుంచి ఘాట్ మీదుగా విజయనగరం వెళ్లాలంటే కారులో ఏమేం ఉంచుకోవాలి?

ఈమధ్యే బదిలీ మీద జయపురం వచ్చామని, సంక్రాంతికి పిల్లలతో కారులో విజయనగరం వెళ్లాలని, దారిలో బండి ఆగిపోతే ఎలాగని భయంగా ఉందని అడిగారు. ఇరవై ఏళ్లుగా మేం ఇక్కడే ఉంటున్నాం. కోరాపుట్, సెమిలిగుడ, పొట్టంగి, సుంకి, సాలూరు, ఇదే దారిలో ఏటా పండక్కి వెళ్తాం. మీ భయం సరైనదే.

నాలుగేళ్ల కిందట భోగికి ముందు రోజు అమ్మని తీసుకుని తెల్లవారుజామున నాలుగింటికే బయల్దేరాను. పొట్టంగి దాటి ఘాట్ దిగుతుంటే వెనక ఎడమ టైరు పోయింది. బండి సరిగ్గా మలుపు దిగువన ఆగింది. పదడుగుల అవతల నిలబడ్డ అమ్మ ఎర్ర శాలువా ఒక్కటే మసగ్గా తెలుస్తోంది, అంత మంచు. డిక్కీలో అరిసెల డబ్బా, బియ్యం మూట, బ్యాగులు అన్నీ దింపితే గాని స్టెప్నీ చేతికి రాలేదు. తీరా చూస్తే వీల్ నట్లు తుప్పు పట్టి ఉన్నాయి. స్పానర్ మీదెక్కి తొక్కినా కదల్లేదు. అంతలో పైనుంచి లారీ గేరు మార్చిన చప్పుడు.

ఆ డ్రైవరు హారన్ కొడుతూ మెల్లగా దిగుతున్నాడు కాబట్టి బతికాం. సాలూరు అతను. దిగీ దిగగానే మా టైరు వంక చూడనైనా లేదు. రోడ్డు పక్క కొమ్మలు విరిచి, మలుపుకి పైవైపు వరసగా పరిచి వచ్చాడు. "ముందు నువ్వు అగుపడాల బాబూ, టైరు తర్వాత" అన్నాడు. తర్వాత స్పానర్‌కి ఇనప పైపు తొడిగి ఒక్క ఊపులో నట్టు విప్పాడు.

అప్పటినుంచి నేను మొదట చూసుకునేది అదే. కారుతో వచ్చిన ఎర్ర ట్రయాంగిల్ చాలామంది కవరు కూడా విప్పరు. దాన్ని డిక్కీ అడుగున కాకుండా సీటు కింద పెట్టండి. బండి ఆగితే వెనక్కి కనీసం యాభై మీటర్లు నడిచి పెట్టాలి. మలుపు దగ్గరైతే, వచ్చేవాడు మలుపు తిరగకముందే చూసేలా పైన పెట్టాలి. మెరిసే జాకెట్ ఒకటి, మంచి టార్చి ఒకటి కొనండి. ఫోన్ లైటు మంచులో దేనికీ చాలదు. నాలుగు ఇండికేటర్లూ బండి ఆగినప్పుడే వెయ్యండి. నడుస్తుండగా వేస్తే మీరు ఎటు తిరుగుతున్నారో వెనకవాడికి తెలియదు. పిల్లల్ని కారులో ఉంచకుండా రోడ్డుకి దూరంగా, కొండవైపు నిలబెట్టండి. జాకీ ఎత్తేముందు చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టి, పనయ్యాక వాటిని తీసి పక్కకి పారెయ్యండి.

బయల్దేరే ముందు రోజు పంక్చర్ షాపులో స్టెప్నీతో సహా ఐదింటికీ గాలి చూపించి, నట్లు ఒకసారి విప్పి బిగించమనండి. చలికి ఉష్ణోగ్రత పది డిగ్రీలు పడిపోతే టైరులో గాలి దాదాపు రెండు పాయింట్లు (పీఎస్ఐ) తగ్గుతుంది. బ్యాటరీకి మూడేళ్లు దాటితే టెస్ట్ చేయించండి. ఎండాకాలంలో ఎలాగో లాక్కొచ్చిన బ్యాటరీ చలికి పొద్దున్నే టక్‌టక్‌మని ఊరుకుంటుంది. ఇంకో బండి బ్యాటరీకి కలిపి స్టార్ట్ చేసుకునే జంపర్ కేబుల్ దగ్గరుంచుకోండి.

అద్దానికి లోపల ఆవిరి పడితే గుడ్డతో తుడుస్తూ కూర్చోకండి. ఏసీ వేసి గాలి అద్దం మీదికి తిప్పితే నిమిషంలో పోతుంది. చలికాలం ఏసీ ఏమిటని మా ఆవిడ మొదట్లో ఒప్పుకునేది కాదు. మంచులో హై బీమ్ వద్దు, తెల్లగోడలా ఎదురుకొడుతుంది. దిగేటప్పుడు రెండో గేరు వదలకండి.

దుప్పట్లు, నీళ్లు, బిస్కెట్లు, ఫ్లాస్కు సరే. రాత్రంతా ఆగిపోవాల్సి వచ్చినా అద్దాలు మూసి ఇంజను నడుపుతూ మాత్రం నిద్రపోకండి. ఆ పొగలోని విషవాయువుకి వాసనే ఉండదు. 112, 108, హైవే నంబరు 1033 కాగితం మీద రాసిపెట్టుకోండి. ఘాట్‌లో సిగ్నల్ అన్నిచోట్లా అందదు, దొరికినచోటే చెయ్యాలి.

మేమైతే ఇప్పుడు సెమిలిగుడలో ఆగి టీ తాగి, ఎండ పొడిచాకే ఘాట్ దిగుతాం. అమ్మ కూడా ఇప్పుడు తొందరపెట్టదు.