మావయ్య తెచ్చిన ఆంప్లిఫయర్ ఏ సంవత్సరానిది?

ప్రశ్న: అన్నగారూ, మాది విజయనగరం, కోటకి దగ్గర్లోనే ఇల్లు. మా పెద్ద మావయ్య సరుకు ఓడల్లో పనిచేసేవారు. అమెరికా వైపు వెళ్లినప్పుడు ఫెండర్ అనే కంపెనీ గిటార్ ఆంప్లిఫయర్ ఒకటి కొని తెచ్చారట. ముందు పలక నల్లగా ఉంది, డీలక్స్ రివర్బ్ అని రాసుంది. పాతికేళ్లుగా అటక మీదే ఉంది, మొన్న సున్నాలు వేయిస్తుంటే దింపాం. 1963లో కొన్నారని అత్తయ్య అంటుంది, కాదు 1974లో అని మా నాన్న. ఈ విషయం మీద ఇంట్లో పెద్ద పంచాయితీ అయిపోయింది. నేను విప్పి కనిపించిన అంకెలన్నీ రాసుకున్నాను. పెట్టె లోపల అంటించిన కాగితం మీద పి, బి అని రెండక్షరాల ముద్ర ఉంది. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ మీద 606 548, చిన్నదాని మీద 606 551. స్పీకర్ మీద 465 602. తిప్పే కంట్రోళ్లు తొమ్మిది ఉంటే ఎనిమిదింటి మీద 137 65 తో మొదలయ్యే నంబర్లు, ఒక్కదాని మీద మాత్రం 137 74 12. రెండు వాల్వుల మీద బీఈఎల్ అని ఉంది. ఇది అసలుదేనా, ఎవరైనా ముక్కలు అతికించిందా? రెండు పిన్నుల ప్లగ్గుంది, ఒకసారి కరెంటు పెట్టి చూద్దామనుకుంటున్నాను.

జవాబు: ముందు ఆ ప్లగ్గు కింద పెట్టండి తమ్ముడూ. మిగతా సంగతులన్నీ తర్వాత.

మీ పెట్టె వెనక పలక మీద 117 వోల్టులు, 60 సైకిళ్లు అని ఉందేమో చూడండి. అది అమెరికాలో అమ్మకానికి చేసిన సరుకు. మన గోడలో వచ్చేది 230 వోల్టులు. మావయ్య దీన్ని ఇక్కడ వాడి ఉంటే పక్కన 230ని 117కి తగ్గించే ఒక స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండే ఉండాలి, బరువుగా ఇనప్పెట్టెలా ఉంటుంది, అది కూడా అటక మీదే ఎక్కడో ఉంటుంది వెతకండి. అది లేకుండా నేరుగా పెడితే ఇన్నేళ్లుగా బతికున్న ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది, అప్పుడిక మీరడిగిన ప్రశ్నకే అర్థం ఉండదు. ఇంకో సంగతి, లోపల కరెంటు నిలవ చేసే కండెన్సర్లలో 400 వోల్టుల పైనే నడుస్తుంది. ప్లగ్గు తీసేసినా కొంతసేపు అందులో ఉండిపోతుంది. పాతికేళ్లు అటక మీదున్నదానిలో ఏమీ మిగలదు కాబట్టి మీరు బతికిపోయారు గానీ, ఒకసారి కరెంటు పెట్టాక మాత్రం లోపల చెయ్యి పెట్టకండి.

ఇప్పుడు తేదీ. మీరు అంకెలు ఎంత ఓపిగ్గా రాసుకున్నారంటే సగం పని అయిపోయినట్టే. చాలామంది సీరియల్ నంబర్ ఒక్కటే పంపి సంవత్సరం చెప్పమంటారు. సీరియల్ నంబరుతో వచ్చేది అంచనా మాత్రమే, ఛాసిస్‌లకి, అంటే లోపలి సామాను బిగించే ఇనప చట్రాలకి, నంబరు కొట్టి ఒకచోట పేర్చుకునేవారు, ఏది ముందు చేతికొస్తే అది బిగించేవారు.

కాగితం మీది రెండక్షరాల్లో మొదటిది సంవత్సరం, రెండోది నెల. ఏ అంటే 1951, బి అంటే 1952, అలా వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ పోతే పి దగ్గరికి వచ్చేసరికి 1966 అవుతుంది. రెండో అక్షరం బి, అంటే ఫిబ్రవరి. కాబట్టి కాగితం ప్రకారం మీది 1966 ఫిబ్రవరి సరుకు. అయితే కాగితం అంటించింది చెక్క పెట్టెకి, అందులోని ఇనప ఛాసిస్‌కి కాదు. నాలుగు స్క్రూలు తీస్తే ఒక పెట్టెలోది తీసి ఇంకో పెట్టెలో పెట్టెయ్యొచ్చు. అందుకని కాగితం చెప్పింది లోపలి సామాను కూడా చెప్పాలి.

ఆ అంకెల సంగతి ఇదీ. అమెరికాలో విడిభాగాలు చేసే ఒక్కో కంపెనీకి ఒక్కో కోడు నంబరు ఉండేది, దాని తర్వాత సంవత్సరం, ఆ తర్వాత వారం. 606 అంటే షూమేకర్ అనే ట్రాన్స్‌ఫార్మర్ల కంపెనీ. 548 అంటే సంవత్సరం చివరి అంకె 5, వారం 48. ఈ 5 అన్నది 1955 కావచ్చు, 65 కావచ్చు, 75 కావచ్చు, ఒక్క అంకే కాబట్టి తికమక. కానీ డీలక్స్ రివర్బ్ అనే మోడలు వచ్చిందే 1963లో, నల్ల పలక పోయి వెండి రంగు పలక వచ్చింది 1968 ప్రాంతంలో, కాబట్టి మీకు మిగిలేది 1965 ఒక్కటే. 1965 నవంబరు చివర్లో చేసిన ట్రాన్స్‌ఫార్మర్. చిన్నది ఇంకో మూడు వారాల తర్వాతది. 465 అంటే ఆక్స్‌ఫర్డ్ స్పీకర్లు, 602 అంటే 1966 రెండో వారం, సంక్రాంతి రోజులనుకోండి. 137 అంటే సీటీఎస్ అనే కంట్రోళ్ల కంపెనీ, దాని పక్కన 65 అని రెండంకెలూ వేశారు కాబట్టి గొడవ లేదు.

ఇక్కడ ఒక్క సూత్రం గుర్తుపెట్టుకుంటే చాలు. ఆంప్లిఫయర్ వయసు దానిలో అన్నిటికన్నా పాత ముక్క చెప్పదు, కదపకుండా మొదట్నుంచీ ఉన్నవాటిలో అన్నిటికన్నా కొత్త ముక్క చెబుతుంది. గోదాములో ఏడాది పడున్న ట్రాన్స్‌ఫార్మర్‌ని తీసి బిగించడం మామూలే, కానీ ఇంకా తయారుకాని స్పీకర్‌ని ఎవరూ బిగించలేరు కదా. మీదాంట్లో కొత్తది 1966 జనవరి స్పీకరు, కాగితం చెప్పేది ఫిబ్రవరి. ఇంత చక్కగా కలిసిందంటే పెట్టె, ఛాసిస్, స్పీకరు మొదట్నుంచీ కలిసే ఉన్నాయని నేను ధైర్యంగా చెప్పగలను. కంట్రోళ్ల నంబర్ల మీద మాత్రం మరీ ఎక్కువ నమ్మకం పెట్టుకోకండి. 1966 ముద్ర ఉన్నవి ఆ తర్వాత రెండు మూడేళ్ల సరుకులో కూడా కనిపిస్తూనే ఉంటాయి.

మరి ఆ తొమ్మిదోది, 137 74 12? ఇది నాకు అన్నిటికన్నా నచ్చిన ముక్క. 1974 పన్నెండో వారం, అంటే మార్చి. ఎవరో ఒక కంట్రోలు పాడైతే మార్చారు. ఆ రోజుల్లో విజయనగరంలో గంట స్తంభం దగ్గర మేం రేడియోలు బాగుచేసేటప్పుడు మా దగ్గర దొరికేవి మన దేశపు కంట్రోళ్లే, సీటీఎస్ ఎక్కడ దొరుకుతుంది? కాబట్టి అది అమెరికాలోనే మారి ఉంటుంది. అంటే మావయ్య కొన్నప్పటికే అది ఒకరు వాడి, ఒకసారి బాగుచేయించిన సెకండ్‌హ్యాండ్ సరుకు, కొన్నది 1974 మార్చి తర్వాత. మీ నాన్నగారు గెలిచినట్టే. అత్తయ్యగారికి మాత్రం నెమ్మదిగా చెప్పండి, 1963లో దీని స్పీకరు పుట్టనేలేదు.

ఇక బీఈఎల్ వాల్వులు. బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ వాళ్లవి, పాత మర్ఫీ, ఫిలిప్స్ రేడియోలు విప్పినవాళ్లందరికీ తెలిసినవే. ఫెండర్ కంపెనీ వాటిని వేయదు, అవి ఇక్కడికి వచ్చాక వేసినవి. చిన్న వాల్వులే అయితే వాటి మీద ఈసీసీ 83 అని ఉండొచ్చు, అమెరికా వాళ్లు 12 ఏఎక్స్ 7 అనేది అదే. దీన్ని మోసం అనకండి, వాల్వులు బల్బుల్లాంటివి, పోయినప్పుడు మార్చాల్సిందే. ఎర్రగా కాగే మిగతావి చూడండి, రెండు 6 వి 6 ఉండాలి, జీజెడ్ 34 ఒకటి ఉండాలి. ఆ జీజెడ్ 34 గాజు అడుగున చిన్న అక్షరాల్లో బి తో మొదలయ్యే కోడుంటే అది ఇంగ్లండులోని బ్లాక్‌బర్న్‌లో చేసిన మలార్డ్ వాల్వు. ఆ రోజుల్లో ఫెండర్ కొత్త సరుకులోనే అది వచ్చేది, కాబట్టి అది మీ పెట్టెతోపాటు పుట్టిందే కావచ్చు. గుడ్డ పెట్టి తుడిచెయ్యకండి, పైన రంగుతో వేసిన అక్షరాలు వేలితో రుద్దితే కూడా పోతాయి.

అసలు సామాను గుర్తుపట్టాలంటే అంకెలకన్నా టంకం ఎక్కువ చెబుతుంది. ఫ్యాక్టరీలో పెట్టిన టంకం ఇన్నేళ్లకి మసకబారి, అన్నిచోట్లా ఒకేలా ఉంటుంది. తర్వాత పెట్టినచోట మెరుపు వేరుగా ఉంటుంది, చుట్టూ గోధుమరంగు జిగురు మిగిలిపోయి ఉంటుంది, ఒక్కోసారి పాత కాలు తెంపేసి దాని మొండెం మీదే కొత్తది అతికించి ఉంటారు (మేమూ అలాగే చేసేవాళ్లం, ఒప్పుకుంటున్నాను). అసలు వైర్లకి మైనం పట్టించిన గుడ్డ తొడుగు ఉంటుంది, ప్లాస్టిక్ తొడుగు కనిపిస్తే అది తర్వాత వేసింది. నీలం రంగు గొట్టాల్లాంటి కండెన్సర్లుంటే అవి అసలువి, మీ సంవత్సరానికి సరిగ్గా అవే ఉండాలి. చాక్లెట్ రంగువి ఆ తర్వాతి రోజుల్లో వచ్చాయి. స్పీకర్ దగ్గర ఒక మెలిక ఉంది, కోడు వేసేది ఇనప చట్రం మీద, పేపరు కోన్ మీద కాదు. కోన్ చిరిగి కొత్తది వేయించినా కోడు అదే ఉంటుంది, కాబట్టి అంచుల్లో జిగురు కొత్తగా కనిపిస్తోందేమో టార్చి వేసి చూడండి.

ఇంకొకటి మన ఊళ్లకి సంబంధించింది. లోపల సామాను బిగించింది నల్లటి ఫైబర్ అట్ట మీద. సముద్రపు గాలికి, వానాకాలానికి ఆ అట్ట చెమ్మ పీల్చుకుంటుంది, పీల్చుకుని కరెంటు కాస్త కాస్త దాని గుండానే పారడం మొదలుపెడుతుంది. అప్పుడు స్పీకర్లో గరగర, చిటపట. కొందరు దీనికి సామానంతా పీకి కొత్తది వేసేస్తారు, కొంపముంచే పని అది. ముందు ఎండగా ఉన్న రోజుల్లో గాలి తగిలేలా నీడన పెట్టి ఆరనివ్వండి.

కరెంటు పెట్టే రోజు వచ్చినప్పుడు స్టెప్‌డౌన్‌తోపాటు సిరీస్ బల్బు (కరెంటు ముందు ఒక బల్బు గుండా పోయేలా కలిపేది) కూడా పెట్టమనండి, పాత రేడియో మేస్త్రీలందరి దగ్గరా ఆ బోర్డుంటుంది. లోపల ఎక్కడైనా షార్టుంటే బల్బు భగ్గున వెలుగుతుంది, ఆంప్లిఫయర్ మిగులుతుంది. ఛాసిస్ బయటివైపు రేకు మూత కింద ఉండే పెద్ద కండెన్సర్లు ఎండిపోయి ఉంటాయి, అవి మార్చక తప్పదు, వాటి విషయంలో మొహమాటపడకండి. రెండు పిన్నుల వైరు తీసేసి మూడు పిన్నులది వేయించండి, కరెంటు తీగకీ ఛాసిస్‌కీ మధ్య ఉన్న చిన్న కండెన్సర్ని ఊడదీయించండి. అది షార్టయితే గిటారు తీగలు పట్టుకున్న చేతికే షాకు.

ప్రశ్న: మాది శ్రీకాకుళం, ఏడు రోడ్ల కూడలి దగ్గర. మా తాతగారి ఆర్కెస్ట్రాలో వాడిన వాల్వు ఆంప్లిఫయర్ ఉంది. కంపెనీ పేరు లేదు, ఎవరో స్థానికంగా కట్టింది. లోపల ఈఎల్ 84 వాల్వులు రెండు. ఇలాంటిదానికి సంవత్సరం తెలుసుకునే దారి ఉందా?

జవాబు: ఉంది, పైన చెప్పిన సూత్రమే. ముక్కలు మాత్రం మనవి. వాల్వుల మీద బీఈఎల్ ఉంటే 1954కి ముందుది కాదు, ఎందుకంటే ఆ కంపెనీ పెట్టిందే అప్పుడు. కండెన్సర్ మీద కెల్ట్రాన్ అని ఉంటే 1973కి ముందుది కాదు, కేరళ ప్రభుత్వం ఆ కంపెనీని పెట్టింది ఆ ఏడే. అయితే అది మొదట్నుంచీ ఉన్న కండెన్సరా, తర్వాత మార్చిందా అన్నది టంకం చూసి తేల్చుకోవాలి. లోపల ఎక్కడైనా ధర చీటీ మీద నయా పైసలు అని ఉంటే 1957కీ 1964కీ మధ్య.

దుకాణం స్టిక్కరుంటే పండగే. ఆరంకెల పిన్‌కోడు ఉంటే 1972 ఆగస్టు తర్వాతది. విజయనగరం దుకాణం స్టిక్కరై ఉండి, విశాఖపట్నం జిల్లా అని రాసుంటే అది 1979 జూన్‌కి ముందు అచ్చేసింది, మా జిల్లా పుట్టింది అప్పుడే. పాత స్టిక్కర్లు అయిపోయేదాకా అంటించేవాళ్లూ ఉంటారనుకోండి, కాబట్టి ఒకటి రెండేళ్లు అటూ ఇటూ. అన్నిటికన్నా ముందు తాతగారితో వాయించినవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లని అడగండి, కట్టిన మేస్త్రీ పేరు వాళ్లకే తెలుస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ చుట్టినవాళ్లు లోపలి కాగితం మీద పెన్సిలుతో తేదీ రాసుకునే అలవాటు కొందరికి ఉండేది, కానీ దాన్ని చూడ్డానికి ట్రాన్స్‌ఫార్మర్ విప్పకండి.

ప్రశ్న: పాత గిటార్ ఆంప్లిఫయర్ అమ్మాలనుకుంటున్నాను. రంగు వేయించి, కొత్త గుడ్డ వేయించి అమ్మితే ఎక్కువ వస్తుందా?

జవాబు: తక్కువ వస్తుంది. ఇల్లు అమ్మేటప్పుడు సున్నం వేయించినట్టు కాదు ఇది. మరకలున్నా ముందు గుడ్డ అదే ఉంచండి, తుప్పు పట్టిన స్క్రూలతో సహా. రిపేరులో తీసిన పాత కండెన్సర్లు, కంట్రోళ్లు ఒక కవర్లో వేసి పెట్టె అడుగున పెట్టి కొనేవాడికి ఇవ్వండి. నేను కుర్రాడిగా ఉన్నప్పుడు ఒకాయన తెచ్చిన ఆంప్లిఫయర్లో స్పీకరు మార్చి, పాతది పాత ఇనుముకి వేసేశాను. కిలో లెక్కన తూచారు. ఆయన తర్వాత వచ్చి, ఆ పాతది ఏదోయ్ అని అడిగితే నా దగ్గర జవాబు లేదు.