అన్నయ్య మంచాన్ని వెనుకగదికి మార్చవద్దు

చిరంజీవి అమ్మడికి పెద్దమ్మ ఆశీస్సులు.

అన్నయ్య మంచాన్ని హాలులోంచి వెనుకగదికి మార్చాలనుకుంటున్నట్లు రాశావు. వచ్చేపోయేవారి చూపులు వాడిని నొప్పిస్తాయని నీ భయం కావచ్చు, కాని ఆ పని చేయవద్దు. నరాల వార్డులో నర్సుగా ఉన్నన్నాళ్లూ నేను చూసిందేమిటంటే, మంచం లోపలికి వెళ్లిన ఇంట్లో, ఆ మనిషిని అడిగి నిర్ణయించే అలవాటు కూడా క్రమంగా పోతుంది.

అన్నయ్యకు వచ్చిన గులియన్ బారే సిండ్రోమ్ అనే ఈ నరాల జబ్బులో, విరేచనాలో జలుబో తగ్గిన కొద్ది వారాలకు రోగనిరోధక శక్తి సొంత నరాల మీదే తిరగబడవచ్చు. బలహీనత సాధారణంగా కాళ్లలో మొదలై పైకి పాకుతుంది, కాని తెలివి చెక్కుచెదరదు. వాడి మంచం పక్కన అనే ప్రతి మాటా వాడికి వినబడుతుంది. సింహాద్రి అప్పన్నకు మొక్కుకోండి, నేనూ మొక్కుకున్నాను. అయితే 'ఏ పాపం చేశాడో' అని బంధువులెవరైనా అంటే ఆ మాటను అక్కడే ఆపు. చాలామంది ఆరు నెలల్లో నడుస్తారనీ, కొందరికి ఇంకా ఎక్కువ కాలం పడుతుందనీ, కొందరికి కొంత బలహీనత మిగిలిపోతుందనీ వాడికి దాచకుండా చెప్పండి.

డబ్బు లెక్కలు కూడా వాడి ఎదుటే చూడండి. వాడిది పోర్టు ఉద్యోగం కనుక, 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 20వ సెక్షన్ వాడికి అండగా ఉంటుంది: ఉద్యోగంలో ఉండగా వైకల్యం వచ్చినవారిని ప్రభుత్వ సంస్థ తొలగించకూడదు, హోదా తగ్గించకూడదు, పాత పని చేయలేకపోతే అదే జీతంతో మరో పనికి మార్చాలి. ఎవరు నచ్చజెప్పినా రాజీనామా మీద సంతకం పెట్టనీయవద్దు.

ఇక నీ చదువు మానేస్తానన్న మాట. ఆంధ్రా యూనివర్సిటీలో నీకు సీటు వచ్చినందుకు నీకంటే వాడే ఎక్కువ పొంగిపోయాడు; నువ్వు మానేస్తే, లేవలేని మనిషికి అది తీర్చలేని బాకీ అవుతుంది. పుండ్లు పడకుండా రెండు గంటలకొకసారి పక్కకు తిప్పడం మీ అమ్మ ఒక్కతే చేయగలిగే పని కాదు. రాత్రులు బాబాయినీ పిన్నినీ వంతులవారీగా రమ్మని నోరు తెరిచి అడుగు, మొహమాటపడకు. తిప్పే ముందు మాత్రం ప్రతిసారీ వాడిని అడగాలి, ఎందుకంటే ఈ జబ్బులో ఒంటినొప్పులు తీవ్రంగా ఉంటాయి, పైగా ఆ ఒళ్లు వాడిది.

శనివారం గాజువాక వస్తాను. ఆ రాత్రి వంతు నాది.

పెద్దమ్మ