ఇమ్యూనిటీకీ ఆందోళనకూ లంకె: ఈ చదువుతో ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీలో చేరాలి. రోగనిరోధక వ్యవస్థ మనసు మీద ఎలా పనిచేస్తుందో చదువుతానంటోంది. సైకాలజీ మంచిదా, ఇమ్యునాలజీ మంచిదా? తనకే పరీక్షలంటే కంగారు, పైగా అప్పుడే జలుబు. ఇలాంటి పిల్లకు ఇది సరిపోతుందా?

జవాబు: అడిగింది కోర్సు గురించే అయినా మీ భయమంతా అమ్మాయి గురించి. ముందు ఆ సంగతి చూద్దాం. ఒంట్లో ఇన్ఫెక్షన్ ఉంటే రోగనిరోధక కణాలు ఇంటర్‌ల్యూకిన్-6 లాంటి సైటోకైన్లను, అంటే కణాల మధ్య కబుర్లు మోసే ప్రోటీన్లను, వదులుతాయి. ఆ కబురు రక్తం ద్వారా, లోపలి అవయవాలను మెదడుతో కలిపే వేగస్ నాడి ద్వారా మెదడుకు అందుతుంది. జ్వరంలో ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదే, అందుకే. ఎదురు దారి కూడా ఉంది. 1991లో వెలువడిన ఒక అధ్యయనంలో వాలంటీర్ల ముక్కులో జలుబు వైరస్ చుక్కలు వేస్తే, ఒత్తిడి ఎక్కువున్నవాళ్లలోనే ఎక్కువమందికి జలుబు పట్టింది. కాబట్టి పరీక్షల జలుబు నాటకమూ కాదు, చేతగానితనమూ కాదు. 'ఇలాంటి పిల్ల' అనే మాట మాత్రం దయచేసి ఆమె చెవిన పడనీయకండి. కంగారుతో వారాల తరబడి నిద్ర, తిండి చెడుతుంటే డాక్టరుకు చూపించండి. దానికి కోర్సు మందు కాదు.

ఇక నా అనుమానాలు. మనసు, నాడులు, రోగనిరోధక వ్యవస్థల లంకెను చదివే సైకోన్యూరోఇమ్యునాలజీ అనే పేరు ఇప్పుడు బాగా అమ్ముడుపోతోంది. కొన్ని వారాల్లో సర్టిఫికెట్ ఇచ్చి 'ఇన్‌ఫ్లమేషన్ (ఒంట్లో వాపు) తగ్గిస్తే ఆందోళన పోతుంది' అని నేర్పే కోర్సులకు డబ్బు కట్టకండి. మందులకు లొంగని డిప్రెషన్ ఉన్న 60 మందిపై, ఇన్‌ఫ్లమేషన్ తగ్గించే ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే మందును పరీక్షించిన ఫలితాలు 2013లో వచ్చాయి. మొత్తం మీద అది ఉత్తుత్తి మందును మించలేదు. రక్తంలో ఇన్‌ఫ్లమేషన్‌ను సూచించే సీఆర్‌పీ అనే ప్రోటీన్ లీటరుకు 5 మిల్లీగ్రాములు దాటినవాళ్లలో మాత్రం కాస్త ఆశ కనిపించింది. అదీ డిప్రెషన్‌లో. ఆందోళనను తేల్చే రక్తపరీక్ష ఇంకా లేదు.

అసలు పని ఓపికతో కూడింది. ఆరోగ్యవంతుల రక్తంలో ఇంటర్‌ల్యూకిన్-6 మిల్లీలీటరుకు కొద్ది పికోగ్రాములే (పికోగ్రాము అంటే గ్రాములో లక్ష కోట్లవ వంతు). ఇలాంటి ప్రోటీన్లను రంగు మార్పుతో కొలిచే 96 గుంటల ఎలైజా ప్లేటును సరిగా కడగకపోతే ఖాళీ గుంటకూ రంగొస్తుంది, అంచు గుంటలు ఆరితే అంకెలు మారిపోతాయి. కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను నిద్రలేచాక ఎంత పెరిగిందో ఉమ్మిలో కొలవాలంటే లేచిన వెంటనే ఒకటి, 30, 45 నిమిషాలకు మరో రెండు నమూనాలు కావాలి. మొదటిది పావుగంట ఆలస్యమైనా పెరుగుదల తప్పిపోతుంది. అంతకుముందే పళ్లు తోముకుంటే చిగుళ్ల రక్తం కలిసి లెక్క తప్పుతుంది.

మీరడిగిన పోలికకు వస్తే, ల్యాబ్ మీద మోజుంటే ఇమ్యునాలజీతో మొదలుపెట్టనివ్వండి. సైకాలజీ తర్వాత కలుపుకోవచ్చు, తిరగేసి రావడం కష్టం. మనుషులతో కూర్చుని వినాలనుంటే సైకాలజీయే. రెండింటికీ స్టాటిస్టిక్స్ తప్పదు. అది వస్తే క్లినికల్ ట్రయల్స్‌లోనూ, డయాగ్నస్టిక్ కంపెనీల్లోనూ పని దొరుకుతుంది. చేరేముందు ఏదైనా ఒక పరిశోధనాపత్రంలో 'పద్ధతులు' అన్న భాగం ఒక్కటే అమ్మాయిని చదవమనండి. మొదటి పేజీకే విసుగొస్తుందా, ఇంకా కావాలంటుందా, మీరు పక్కన కూర్చోకుండా ఆమెనే చూసుకోనివ్వండి.