ఫిషరీస్ స్కూల్లో చేపలు పట్టడం నేర్పుతారా?

ప్రశ్న: మొన్న గురువాయూరులో దర్శనం అయ్యాక, పిల్లల పోరు పడలేక చావక్కాడు బీచికి పోయాం. దారిలో 'ఫిషరీస్ టెక్నికల్ హైస్కూల్' అని బోర్డు కనపడింది. చేపలు పట్టడానికీ బడేనా అని మా ఆయన ఒకటే నవ్వు. అసలు అది ఏం బడి?
– ఒక పాఠకురాలు, బైరాగిపట్టెడ, తిరుపతి

జవాబు: మీ ఆయన్ని నవ్వనివ్వండమ్మా. ఆ పిల్లలకు చేపలు పట్టడం ఎవరూ నేర్పక్కర్లేదు. అది మత్స్యకారుల పిల్లలు పదో తరగతి దాకా చదువుకునే బడే. కాకపోతే హాస్టలు, తిండి ఖర్చు కేరళ మత్స్యశాఖ పెట్టుకుంటుంది. తానూరు, బేపూరుల్లోనూ ఇలాంటివి ఉన్నాయి.

ఆ శాఖకు బడితో ఏం పని అంటారా? అది మద్రాసు ప్రెసిడెన్సీ నాటి ముచ్చట. అప్పుడు చావక్కాడు ఉన్న మలబారు, మనం ఒకే గొడుగు కింద ఉన్నాం. 1905లో ఫ్రెడరిక్ నికల్సన్ అనే ఐసీఎస్ దొరకు చేపల సంగతి చూడమని పని అప్పగించారు. 1907లో మత్స్యశాఖ పుట్టింది. అంటే మన చిత్తూరు జిల్లా కంటే నాలుగేళ్లు పెద్దది. నికల్సన్ అంతకు ముందే రైతుల అప్పులు, సహకార బ్యాంకుల మీద పెద్ద రిపోర్టు రాసినవాడు. అందుకేనేమో, రేవులో కూడా చేపల వెనకున్న అప్పులు కనపడ్డాయి. తరవాత ఆ శాఖే మలబారు తీరంలో మత్స్యకారుల పిల్లలకు చిన్న బడులు తెరిచింది.

మామూలు బడులు చాలవా అనేవాళ్లకు నా సంగతి చెప్తాను. వాకాడు వైపు సముద్రం ఒడ్డు పల్లెలో పదకొండేళ్లు అయ్యవారిగా చేశాను. ఒడ్డు నుంచి తాళ్లతో అలివి వల లాగే రోజు తరగతిలో నలుగురే. మిగతావాళ్లు గంపలతో ఒడ్డున ఉండేవాళ్లు. పిలుద్దామని పోతే నన్నూ తాడు పట్టుకోమన్నారు, పట్టుకున్నాను. అరచేతులు మండిపోయాయి. అక్కడ ఆరో తరగతి పిల్ల ఒకతి, వల వాటా, పడవ వాటా తీసేసి మిగిలిన డబ్బు మనిషికెంతో వేళ్ల మీద చెప్పేసింది. ముందురోజు బోర్డు మీద భిన్నాలు చూసి ఏడ్చింది ఆ పిల్లే!

తనిఖీకొచ్చిన ఆఫీసరు మాత్రం హాజరు పట్టీ చూసి కేకలేశాడు. "ఇక్కడ బడి గంట పడవలొచ్చే వేళ చూసి కొట్టాలి సార్" అన్నాను. వారానికి మెమో వచ్చింది. దాన్ని ఇప్పటికీ దాచుకున్నాను.

ఇప్పుడు మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవల వేట నిషేధం. ఏడాదిలో ఆ పల్లెల పిల్లలు తీరిగ్గా ఉండేది ఆ 61 రోజులే. సరిగ్గా అప్పుడే మన బడులకు వేసవి సెలవులు.