‘రమేష్, హైదరాబాద్’ ఎవరండీ?

ప్రశ్న: మేడమ్, నేను గాజువాకలో ఏసీల రిపేరు, సర్వీసు చేస్తాను. 14 ఏళ్లుగా ఇదే పని. నా దగ్గర ఇద్దరు కుర్రాళ్లున్నారు. మూడేళ్ల కిందట మా మేనల్లుడు వెబ్‌సైటు చేసిపెట్టాడు. అందులో కస్టమర్ల అభిప్రాయాలని మూడు పెట్టాడు. అప్పటినుంచీ అవే ఉన్నాయి. వాడిప్పుడు బెంగుళూరులో ఉద్యోగం. ఒక్క మాట మార్చాలన్నా ఆదివారం దాకా ఆగి వాడికి ఫోన్ చెయ్యాలి. కొత్త అభిప్రాయాలు వాటంతట అవే వచ్చేలా ‘డైనమిక్ టెస్టిమోనియల్స్’ పెడతానని ఇక్కడ ఒకాయన 18 వేలు అడిగాడు. ఫోన్‌లో నమూనా చూపించాడు. అభిప్రాయాలు పక్కకి జరుగుతూ ఉన్నాయి, చూడ్డానికి బాగుంది. పెట్టించుకోమంటారా? గూగుల్‌లో నాకు 40 దాకా రివ్యూలున్నాయి. అవన్నీ తెచ్చుకోవచ్చా?
– పేరు వద్దన్న పాఠకుడు, గాజువాక

జవాబు: సైటు అడ్రసు కూడా పంపారు కాబట్టి ముందు అది తెరిచి చూశాను. మొదటి అభిప్రాయమే ‘ఎక్సలెంట్ సర్వీస్, హైలీ ప్రొఫెషనల్ – రమేష్, హైదరాబాద్’. గాజువాకలో ఏసీలు బాగుచేసే మీ దగ్గరికి హైదరాబాద్ రమేష్ ఎందుకొచ్చాడండీ? పక్కన కోటు వేసుకుని నవ్వుతున్న ఆ ఫొటో ఆయన నాకు పాత పరిచయమే. ఒక సైట్‌లో పళ్లు కట్టించుకున్నాడు, ఇంకోచోట ఫ్లాటు కొన్నాడు. మేనల్లుణ్ని ఏమీ అనకండి. రెడీమేడ్ టెంప్లేట్‌తో, అంటే ముందే తయారుగా ఉన్న సైటు నమూనాతో పాటు ఇలాంటివాళ్లు వచ్చేస్తుంటారు. కానీ ఈ ఆదివారం ఫోన్ చేసినప్పుడు ముందు ఆయన్ని తీయించండి. ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు కస్టమర్ వేషం కట్టి రివ్యూలు రాయకూడదని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల్లోనే ఉంది. ఆన్‌లైన్ రివ్యూలు ఎలా సేకరించాలి, ఎలా ప్రచురించాలి అన్నదాని మీద 2022 నవంబరులో మన దేశంలో ఐఎస్ 19000 అని ఒక ప్రమాణం కూడా వచ్చింది. అవన్నీ అలా ఉంచండి, మీ కస్టమరే రమేష్‌ని నమ్మడు.

ఇక ఆ 18 వేలు. ఆయన మీకు చూపించింది స్లైడరు. ఉన్న మూడే అటూ ఇటూ జరుగుతుంటాయి. జరగడం వేరు, కొత్తవి రావడం వేరు. నాకు స్లైడరంటే అసలు పడదు. ఏసీ పోయి చెమటలు కక్కుతూ ఫోన్ చూస్తున్న పెద్దాయన రెండో లైను చదివేలోపు అది జారిపోతుంది. నాలుగైదు అభిప్రాయాలు ఒకదాని కింద ఒకటి కదలకుండా ఉంచండి.

గూగుల్ రివ్యూల సంగతి. గూగుల్ నుంచి సమాచారం నేరుగా మీ సైట్‌లోకి వచ్చే ప్లేసెస్ ఏపీఐ అనే దారిలో తెచ్చుకోవచ్చు గానీ, మీ 40లో అది ఇచ్చేది అయిదు మాత్రమే. వాటిని దాచుకుని వాడుకోవడానికి ఒప్పుకోరు, ఎప్పటికప్పుడు అక్కడినుంచే తెచ్చి, రాసినవాళ్ల పేరుతో చూపించాలి. దానికి బిల్లింగ్ ఖాతా తెరవాలి. కీ అని తాళంచెవిలాంటి ఒక కోడ్ ఇస్తారు, అది మీ సైట్‌కి మాత్రమే పనిచేసేలా కట్టడి చెయ్యకపోతే ఇంకెవరో వాడుకుంటే బిల్లు మీకొస్తుంది. ఇంత టెన్షన్ మీకెందుకు? ‘గూగుల్‌లో మా రివ్యూలు చూడండి’ అని ఒక లింకు ఇచ్చేస్తే సరిపోతుంది.

మీ పనికి గూగుల్ ఫారమ్, గూగుల్ షీట్ చాలు. రెండూ ఉచితమే. ఫారమ్‌లో పేరు, ఏరియా, ఏం పని చేయించుకున్నారు, ఎలా ఉంది, ‘సైట్‌లో వేసుకోవచ్చా’ అనే అయిదు ప్రశ్నలు పెట్టండి. జవాబులు షీట్‌లో పడతాయి. చివర ఒక టిక్ బాక్సు కాలమ్ పెట్టుకుని, మీరు చదివి సరే అనుకున్నదానికి టిక్ కొట్టండి. టిక్ ఉన్నవాటిని మాత్రమే రెండో ట్యాబ్‌లోకి తెచ్చేలా ఒక ఫిల్టర్ ఫార్ములా రాయించండి. ఫైల్ మెనూలోని ‘పబ్లిష్ టు వెబ్’ నుంచి ఆ రెండో ట్యాబ్‌ని మాత్రమే సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్‌గా) ఇచ్చి, సైట్ దాన్ని చదివేలా చేస్తే అయిపోయింది. మీరు టిక్ కొట్టాక కొద్ది నిమిషాల్లో సైట్‌లో కనపడుతుంది. మేనల్లుడికిది ఒక్క ఆదివారం పని. వచ్చిన రాతను టెక్స్ట్‌కంటెంట్‌తో పెట్టమనండి, ఇన్నర్‌హెచ్‌టీఎంఎల్‌తో వద్దు. లేకపోతే ఎవడో అభిప్రాయం బదులు కోడ్ రాస్తే అది మీ పేజీలో నడుస్తుంది. ఈ మాటలు మీ మేనల్లుడికి అర్థమవుతాయి.

రెండో ట్యాబ్ మాత్రమే అని ఎందుకు అంతగా చెప్తున్నానంటే, ఆ దెబ్బ నేను తిన్నాను. మొదట్లో ఒక కేటరింగ్ ఆవిడకి ఇలాగే చేసిచ్చి, తొందరలో షీట్ మొత్తం పబ్లిష్ చేశాను. అందులో కస్టమర్ల ఫోన్ నంబర్లున్నాయి. పేజీలో కనపడవు కదా అనుకున్నాను. లింకు పట్టుకున్నవాళ్లకి అన్నీ కనపడతాయి. ఒక కస్టమర్ గారి అబ్బాయి అది చూసి, ఫోన్‌లో నన్ను ఏకిపారేశాడు. అక్కయ్యపాలెంలో మా షాపు కింద ఇడ్లీ తింటున్నవాళ్లకి కూడా వినపడి ఉంటుంది. ఆ రోజు నుంచి ఫారమ్‌లో ఫోన్ నంబరే అడగట్లేదు.

అసలు కష్టం షీట్‌తో కాదు, మాట రాబట్టడంతో ఉంది. ‘గుడ్ సర్వీస్’ వంద వచ్చినా దండగే. మీ పనిలో విశాఖ జనానికున్న భయమేమిటో నాకంటే మీకే తెలుసు. బీచ్ రోడ్డు, లాసన్స్ బే వైపు ఉప్పుగాలికి బయటి యూనిట్ కాయిల్ తినేసి, ఏటా గ్యాస్ కారిపోతుంటుంది. అక్కడివాళ్లకి కావలసింది ‘మళ్లీ ఎన్నాళ్లకి పోయింది’ అన్న ఒక్క విషయం. కాబట్టి పని చేసిన రోజే కాకుండా, ఎండాకాలం గడిచాక ఒకసారి వాట్సాప్‌లో ఫారమ్ లింకు పంపి ‘ఎలా లాగుతోందండీ’ అని అడగండి. మీకొచ్చిన గూగుల్ రివ్యూల్లో ఒకటి నాకు బాగా నచ్చింది: ‘గేసు మల్లీ ఎక్కించకుండా రెండు ఎండలు లాగీసింది.’ ఇలాంటివి వస్తే భాష దిద్దకండి. ‘లాగీసింది’ చదవగానే మనూరి మనిషే రాశాడని తెలిసిపోతుంది. పేరు పక్కన ‘పెద వాల్తేరు’ అని ఏరియా ఉంటే చాలు, ఫొటో అక్కర్లేదు.

అభిప్రాయం రాస్తే వంద రూపాయలు తగ్గిస్తామని మాత్రం అనకండి. గూగుల్ రివ్యూలకైతే వాళ్ల నియమాలే ఒప్పుకోవు. ‘ఏప్రిల్‌లో రెండు రోజులు తిప్పించారు’ అని ఎవరైనా రాస్తే దానికీ టిక్ కొట్టి, కింద మీ జవాబు రాయండి. ఏప్రిల్‌లో ఏసీ మెకానిక్ దొరకడం ఎంత కష్టమో చదివేవాళ్లకీ తెలుసు.

ప్రశ్న: మేము ఏటికొప్పాక బొమ్మలు ఆన్‌లైన్‌లో అమ్ముతాం. కస్టమర్ల రేటింగులు సైట్‌లో పెడితే గూగుల్‌లో మా పేరు కింద నక్షత్రాలు వస్తాయా?
– ఒక పాఠకురాలు, భీమిలి

జవాబు: మీ షాపు పేరు కింద రావు. ఎవరి సైట్‌లో వాళ్లు తమ వ్యాపారానికి పెట్టుకునే రేటింగులకి నక్షత్రాలు చూపించడం గూగుల్ 2019 సెప్టెంబరులోనే ఆపేసింది. ఒక్కో బొమ్మకి విడిగా పేజీ ఉండి, ఆ బొమ్మ కొన్నవాళ్లు రాసిన రివ్యూ ఆ పేజీలోనే ఉంటే, ఆ పేజీకి వచ్చే అవకాశముంది. గ్యారంటీ లేదు. అన్ని బొమ్మల రివ్యూలనూ హోమ్ పేజీలో కుప్ప పోశామని రాశారు. బుజ్జాయి గిలక గురించి రాసింది గిలక పేజీకి, లక్కపిడతల గురించి రాసింది లక్కపిడతల పేజీకి పంపించండి.